చెత్తకు పెట్టు సొమ్ము చేను చేరవలెను

పట్టణవాసి తన యింటి తుక్కును వీధిలోనికి వచ్చు బండిలో వేసి చేతులు దులుపుకొనును. రైతు అదే తుక్కును దిబ్బ వేసి, మాగనిచ్చి, వేసవిలో బండ్లకెత్తి చేనికి తోలుకొనును. వస్తువు ఒక్కటే. ఒకరికది పీడ, మరియొకరికది పెట్టుబడి. ఈ పీడను వదిలించుకొనుటకై నేడు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వములును, అంతర్జాతీయ సంస్థలును ధనము వెచ్చించుచున్నవి. చెత్తకుప్పల నుండి వెలువడు మీథేన్ అను వాయువు భూగోళమును వేడెక్కించుచున్నదనియు, దానిని అరికట్టవలెననియు ఇప్పుడందరును గుర్తించిరి. ఆ ధనము ఏ త్రోవను పోవుచున్నదో, ఏ త్రోవను పోవలెనో రైతు సోదరులును, గ్రామాధికారులును ఆలోచింపవలసిన సమయమిది. ఏలయన ఆ త్రోవ చివర ఉండవలసినది మన చేనే.

నా అభిప్రాయమును మొదటనే చెప్పెదను. షెడ్లకును, యంత్రములకును ఇచ్చు సొమ్ములో కొంత తగ్గించియైనను సరే, మూడు పనులకు సొమ్ము కేటాయింపవలెను. తడిచెత్తను వేరుగా తెచ్చు మనిషి కూలి మొదటిది. తయారైన ఎరువును పరీక్షించుట రెండవది. దానిని పొలము గట్టుకు చేర్చు కిరాయి మూడవది. ఈ మూడును లేనిచో ఎన్ని కోట్లు పెట్టినను కుప్ప తరుగదు, చేను బలపడదు.

కుప్పలో జరుగునదేమి?

కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నము, ఆకులు, పండ్లు మొదలగునవి గాలి తగులునట్లు కుళ్ళినచో వాటిలోని కర్బనము చాలవరకు బొగ్గుపులుసు వాయువుగా మారిపోవును. మిగిలినది ఎరువగును. అట్లుగాక వాటిని ఎత్తుగా పోసి, పైన మరికొంత పోసి, బండ్లతో త్రొక్కించినచో లోపలికి గాలి పోదు. గాలి లేనిచోట బ్రతుకు సూక్ష్మజీవులు అచట పెరిగి మీథేన్‌ను పుట్టించును. గోబర్ గ్యాస్ తొట్టిలో జరుగునదియు ఇదియే. తొట్టిలో పుట్టిన వాయువు గొట్టము గుండ పొయ్యికి వచ్చును. కుప్పలో పుట్టినది ఆకాశమునకు పోవును, లేదా నిప్పంటుకొని నెలల తరబడి పొగ చిమ్మును. తేడా అంతమాత్రమే.

ఇరువది యేండ్ల లెక్కలో చూచినచో మీథేన్ బొగ్గుపులుసు వాయువు కంటె బరువుకు బరువు సుమారు 80 రెట్లు వేడిని పట్టియుంచునని శాస్త్రజ్ఞులు నిర్ధారించిరి. అయితే అది గాలిలో సుమారు పండ్రెండేండ్లకు మించి నిలువదు. కావున నేడు తగ్గించినచో ఫలితము మన బిడ్డల కాలము వరకు ఆగకుండ మన కాలముననే కనిపించును. ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగము 2021లో ప్రకటించిన అంచనాలో మానవుని పనుల వలన వెలువడు మీథేన్‌లో వ్యవసాయము వాటా సుమారు 40 శాతము, బొగ్గు, చమురు, సహజవాయువుల వాటా 35 శాతము, చెత్త, మురుగునీటి వాటా 20 శాతము అని తేలినది.

ఇందులో మన వాటా లేదని రైతు చెప్పజాలడు. నీరు నిలిచిన వరిమడి అడుగు బురదలోను, నెమరువేయు పశువు కడుపులోను పుట్టునది ఈ వాయువే. మడిని ఆరుతడులుగా పెట్టుట, పచ్చిగడ్డిని నీటిలో దమ్ము చేయుటకు మారుగా బాగుగ మాగిన ఎరువును వేయుట మొదలగు పద్ధతులతో దానిని తగ్గింపవచ్చును. మాగిన కంపోస్టు వేసిన మడిలో, పచ్చిగడ్డి దున్నిన మడిలో కంటె చాల తక్కువ మీథేన్ పుట్టును. అనగా పట్టణపు తడిచెత్త మంచి ఎరువై మన మడికి వచ్చినచో రెండు చోట్లను లాభమే.

దేశములో చెత్త లెక్క

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020-21 నివేదికను చూడుడు. దేశములో పట్టణపు చెత్త దినమునకు సుమారు 1,60,000 టన్నులు. అందులో శుద్ధియైనది సుమారు సగము. పూడ్చినది 18 శాతము. మిగిలిన మూడింట ఒక వంతుకు దగ్గరగా ఉన్న చెత్త ఏమైనదో లెక్కకు రాలేదు. మన దేశపు చెత్తలో సుమారు సగము తడిచెత్తయే.

ఇట్లు పోగైన కుప్పలు ఊరకుండవు. ఢిల్లీలోని గాజీపూర్ కుప్ప 2017 సెప్టెంబరులో విరిగిపడి ఇద్దరి ప్రాణములు తీసెను. 2022లోను, 2024లోను అదే కుప్ప నిప్పంటుకొనెను. కొచ్చిలోని బ్రహ్మపురం కుప్ప 2023 మార్చిలో అంటుకొని పది దినములకు పైగా నగరమును పొగలో ముంచెను. ఇట్టి కుప్పలకు చేరువనున్న పొలములలో బావినీరు చెడుట, గాలికి ప్లాస్టిక్ కాగితములు పైరు మీద పడుట, పశువులు వాటిని మేయుట ఆ రైతులకు నిత్యానుభవము. నగరపు చెత్త నగరములో నిలువదు. అది పల్లె పొలిమేరకే వచ్చును.

సొమ్ము పెట్టియు చెడినవి, పెట్టి బాగుపడినవి

సొమ్ము చాలకపోవుట ఒక లోటు. సొమ్ము తప్పుచోట పెట్టుట మరియొక లోటు. రెండవది మొదటిదానికంటె హెచ్చు నష్టము కలిగించును.

1987లో ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో డెన్మార్క్ దేశపు సహాయముతో దినమునకు 300 టన్నుల చెత్తను కాల్చి విద్యుత్తు తీయు కర్మాగారమును నిర్మించిరి. మన చెత్తలో తడియు, మన్నును ఎక్కువ. అది యంత్రమునకు కావలసినంత వేడినీయలేదు. అనతికాలములోనే కర్మాగారము మూతపడెను. 2003లో లక్నోలో చెత్త నుండి మీథేన్ తీసి విద్యుత్తు చేయు కర్మాగారమును ప్రారంభించిరి. వేరుచేసిన తడిచెత్త అందక అదియు నిలువలేదు. రెండుచోట్లను యంత్రమునకు ధనము దొరికినది. యంత్రము నోటికి తగిన మేత అందించుటకు మాత్రము ఎవరును ధనము పెట్టలేదు. పాడి గేదెను కొని పచ్చిమేత కొనని రైతు పాలకు ఆశపడినట్లున్నది.

ఇక ఇండోర్ నగరమును చూడుడు. అచట ముందుగా ఇంటింట తడి, పొడి వేరుచేయు అలవాటు చేసిరి. తరువాతనే, 2022 ఫిబ్రవరిలో, దినమునకు 550 టన్నుల తడిచెత్తను తీసికొను జీవవాయు కర్మాగారమును ప్రారంభించిరి. దాని అంచనా ప్రకారము దినమునకు 17,000 కిలోల వాయువు, 100 టన్నుల సేంద్రియ ఎరువు రావలెను. లెక్క వేసిన టన్ను తడిచెత్తకు సుమారు 30 కిలోల వాయువు, 180 కిలోల ఎరువు. ఇండోర్ పేరు మన వ్యవసాయమునకు క్రొత్త కాదు. ఆల్బర్ట్ హోవార్డ్ దొర 1924-31 మధ్య అచటనే కంపోస్టు పద్ధతిని రూపొందించెను. ఊరు మారలేదు, సూత్రమును మారలేదు: మేలైన తుక్కు వేసినచో మేలైన ఎరువు వచ్చును.

మనకు దగ్గర ఉదాహరణము హైదరాబాదులోని బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టు. అచట మిగిలి కుళ్ళిన కూరగాయలు దినమునకు సుమారు 10 టన్నులు. కేంద్ర బయోటెక్నాలజీ శాఖయు, తెలంగాణ వ్యవసాయ మార్కెటింగ్ శాఖయు ధనమీయగా, హైదరాబాదులోని భారత రసాయన సాంకేతిక సంస్థ విధానముతో జీవవాయు యూనిట్టును నిర్మించిరి. సుమారు 500 యూనిట్ల విద్యుత్తు, క్యాంటీను పొయ్యికి 30 కిలోల వాయువు దానివలన వచ్చునని లెక్క. మార్కెట్టు తుక్కులో గాజు పెంకులు, బ్యాటరీలు ఉండవు. వేరుచేయు ఖర్చు తక్కువ. రైతు తెచ్చిన సరుకు తుక్కే తిరిగి రైతుకు ఎరువగును. ప్రతి పెద్ద మార్కెట్టు యార్డులోను మొదట ఇట్టివి పెట్టుట మేలని నా నమ్మకము.

సొమ్ము ఎక్కడెక్కడ కలదు?

గ్రామాధికారులు ఈ వివరములు తెలిసికొనియుండుట మంచిది. 2018లో ప్రారంభమైన గోబర్‌ధన్ పథకము క్రింద, స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండవ దశలో, సామూహిక జీవవాయు యూనిట్లకు జిల్లాకు రూ. 50 లక్షల వరకు కేటాయించిరి. 2023-24 కేంద్ర బడ్జెట్టులో 500 క్రొత్త కర్మాగారములకు మొత్తము రూ. 10,000 కోట్ల పెట్టుబడి ప్రకటించిరి. అదే 2023లో, ఇట్టి కర్మాగారముల నుండి వచ్చు సేంద్రియ ఎరువు అమ్మకమునకు టన్నుకు రూ. 1,500 సహాయమును, 2025-26 వరకు రూ. 1,451 కోట్లకు పైగా కేటాయింపుతో, ఆమోదించిరి. పట్టణపు కంపోస్టుకు ఇదే మొత్తమును 2016లోనే ప్రకటించియుండిరి.

15వ ఆర్థిక సంఘము 2021-26 కాలమునకు గ్రామీణ స్థానిక సంస్థలకు సిఫారసు చేసిన గ్రాంట్లలో 60 శాతమును త్రాగునీటికిని, పారిశుద్ధ్యమునకును ముడిపెట్టినది. తెలంగాణలో 2019లో మొదలైన పల్లెప్రగతి కాలమున గ్రామగ్రామమునకు ట్రాక్టరు, చెత్తయార్డు సమకూర్చిరి. ఆంధ్రప్రదేశ్‌లో చెత్త నుండి సంపద తయారుచేయు కేంద్రములు కట్టిరి. ఇంత సొమ్ము వచ్చినను కొన్ని గ్రామములలో షెడ్డుకు తాళము, బోర్డుకు రంగు, లోపల ఖాళీ తొట్లు కనిపించుచున్నవి. కట్టడమునకు బిల్లు పెట్టుట సులభము. మనిషికి నెలనెల జీతమిచ్చుట కష్టము. అందులకే ఇట్లగుచున్నది.

ప్రపంచపు ధనము సంగతియు ఇట్లే ఉన్నది. 2022లో క్లైమేట్ పాలసీ ఇనిషియేటివ్ అను సంస్థ లెక్క తీసి, 2019-20లలో వాతావరణ రక్షణకు వెచ్చించిన ధనములో మీథేన్‌ను తగ్గించుటకు పోయినది రెండు శాతమునకు లోపేనని తేల్చినది. 2024 నవంబరులో బాకూ నగరమున జరిగిన వాతావరణ మహాసభలో సేంద్రియ చెత్త నుండి మీథేన్‌ను తగ్గింతుమని పలు దేశములు ప్రకటన చేసినవి. ఇకముందు ఈ పద్దు పెరుగునని ఆశింపవచ్చును. పెరుగు ధనము కూడ పాత త్రోవనే పోరాదనుటయే నా వాదము.

ఒక గ్రామపు లెక్క

వేయి గడపల గ్రామము నొకదానిని తీసికొందము. గడపకు దినమునకు అరకిలో తడిచెత్త అనుకొన్నచో దినమునకు 500 కిలోలు, ఏడాదికి సుమారు 180 టన్నులు. మాగిన తరువాత మూడవ వంతు మిగిలినచో 60 టన్నుల ఎరువు. ఎకరమునకు నాలుగు టన్నులు వేసినచో పదునైదు ఎకరములకు చాలును. ఇది గ్రామమంతటికి చాలు ఎరువు కాదు. దీనిని పెద్దగా చెప్పి ఆశ పెట్టరాదు.

ఖర్చు చూడుడు. వేరుచేసి సేకరించుటకు ముగ్గురు పనివారు కావలెను. నెలకు తలకు రూ. 10,000 అనుకొన్నచో ఏడాదికి రూ. 3,60,000. ఎరువును కిలో మూడు రూపాయలకు అమ్మినను వచ్చునది రూ. 1,80,000. సగము లోటు. చెత్తను అమ్మి ఊరు బాగుపడునని చెప్పువారు ఈ లెక్కను దాచెదరు. ఎరువు ధర సేకరణ ఖర్చును భరింపజాలదు. ఆ లోటును ప్రజాధనము భరించుటయే న్యాయము. ఏలయన శుభ్రత వలనను, మీథేన్ తగ్గుట వలనను లాభపడునది ఎరువు కొన్న రైతు ఒక్కడే కాదు, ఊరంతయు, దేశమంతయు. లాభము అందరిదైనపుడు ఖర్చు కూడ అందరిది కావలెను.

యూరియాతో పోటీ

"కంపోస్టు కంటె యూరియా చౌక గదా, దీనినెవరు మోయుదురు?" అని మీరు అడుగవచ్చును. సరియైన ప్రశ్నయే. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైగా నత్రజని కలదు. ప్రమాణము ప్రకారము పట్టణపు కంపోస్టులో నత్రజని కనీసము 0.8 శాతము, అనగా టన్నుకు 8 కిలోలు. ఒక బస్తా యూరియాలోని నత్రజనికి రెండున్నర టన్నుల కంపోస్టు మోయవలెను. కేవలము నత్రజని కొఱకు ఎవరును కంపోస్టు కొనరు, కొననక్కఱలేదు.

కాని అదే టన్ను కంపోస్టులో సేంద్రియ కర్బనము కనీసము 120 కిలోలు ఉండవలెను. యూరియా బస్తాలో నేలకు నిలుచు సేంద్రియ పదార్థమేమియు లేదు. నేల గుల్లబారుటకు, తడి నిలుచుటకు, వేసిన ఎరువు కొట్టుకొనిపోక వేళ్ళకందుటకు ఈ కర్బనమే ఆధారము. యూరియాకు ప్రభుత్వము ధరలో పెద్ద భాగమును తానే భరించుచున్నది. నేలను నిలబెట్టు కంపోస్టుకు టన్నుకు రూ. 1,500 ఇచ్చినపుడు కూడ అది తయారుచేయువారికి, అమ్మువారికి పోయినదే గాని రైతు చేతికి నేరుగా రాలేదు. పొలము గట్టున దించిన టన్నుకు ఇంత అని రైతు పేర రాయితీ ఇచ్చినచో రైతే నాణ్యత చూచుకొనును. మేలైన ఎరువు గలవానికే సొమ్ము పోవును.

నాణ్యత లేని ఎరువు వలదు

ఇందులో మొగమాటము పనికిరాదు. కలిపి పోసిన చెత్తను జల్లెడపట్టి ఎరువని పేరుపెట్టినచో గాజుముక్కలు, ప్లాస్టిక్ తునుకలు, సీసము వంటి లోహములు పొలములో చేరును. గాజును ఏరవచ్చును గాని సీసమును ఏరజాలము. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల? వేరుచేయవలసినది ఇంటి గడపలో, జల్లెడ కడ కాదు.

1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తరువు పట్టణపు కంపోస్టుకు హద్దులు పెట్టినది. కర్బన నత్రజని నిష్పత్తి 20కి లోపుండవలెను. కిలో ఎరువులో సీసము 100 మిల్లీగ్రాములకు, కాడ్మియము 5 మిల్లీగ్రాములకు మించరాదు. వంద పాళ్ళలో తొంబది పాళ్ళు నాలుగు మిల్లీమీటర్ల జల్లెడలో దిగవలెను. పరీక్షాపత్రము లేని ఎరువును ఉచితముగా ఇచ్చినను పొలమునకు తోలనీయకుడు. ఉచితముగా వచ్చిన విషము తరతరములకు నిలుచును.

మీరు చేయవలసినవి

సర్పంచులకును, పంచాయతీ కార్యదర్శులకును నా మనవి. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక వ్రాయునపుడు షెడ్డుకు ఒక పద్దు వ్రాసినచో దానిని నడుపుటకు మూడేండ్ల పద్దు కూడ వ్రాయుడు. వచ్చిన తడిచెత్త ఎంత, తయారైన ఎరువు ఎంత, ఎవరు తోలుకొనిరి అను మూడు గళ్ళతో ఒక రిజిస్టరు పెట్టుడు. కాటా వేసిన బరువు కంటె నమ్మదగిన సాక్ష్యము లేదు. రేపు మీథేన్ తగ్గించినవారికి ధనమిత్తుమని ఎవరైన వచ్చినను చూపుటకు ఈ రిజిస్టరే పనికివచ్చును.

రైతు సోదరులకు మనవి. గ్రామసభలో చెత్త విషయము వచ్చినపుడు అది ఊడ్చువారి పనియని ఊరకుండకుడు. ఎరువు ఎవరికి, ఏ ధరకు, ఏ పరీక్షతో అని అడుగుడు. మీ ఇంటిలో తడిది, పొడిది రెండు బుట్టలలో వేయించుడు. నాలుగైదు పశువులున్నవారు గోబర్ గ్యాస్ సంగతి ఆలోచింపుడు. సుమారు 25 కిలోల పేడకు ఒక ఘనపు మీటరు వాయువు వచ్చును. వాయువు పొయ్యికి వచ్చినను ఎరువు తరుగదు. బయటకు వచ్చు మడ్డి దిబ్బ ఎరువుకు ఏమాత్రము తీసిపోదు. పేడను నీరు నిలుచు గోతిలో పోయక, ఎత్తైన నీడపట్టున దిబ్బ వేసి త్రిప్పినచో వాయు నష్టమును, సార నష్టమును తగ్గును.

మండల, జిల్లా అధికారులకు ఒక్క మాట. ఇన్ని షెడ్లు కట్టితిమను నివేదికకు మారుగా, ఇన్ని టన్నుల పరీక్షించిన ఎరువు ఇందరు రైతుల చేలకు చేర్చితిమను నివేదికను అడుగుడు. అడిగిన లెక్కయే క్రిందివారు తయారుచేయుదురు. షెడ్లు అడిగినచో షెడ్లు వచ్చును, ఎరువు అడిగినచో ఎరువు వచ్చును.

నేల నుండి వచ్చిన సారము నేలకు చేరుట ప్రకృతి ధర్మము. బండ్లకొలది కూరలు, ధాన్యము మనము నగరమునకు పంపుచున్నాము. వాటి సారము అచట కొండలై కుళ్ళి, గాలిని చెఱచుచున్నది. దానిని వెనుకకు తెచ్చుటకు సొమ్మున్నది, విద్యయు ఉన్నది. ఆ సొమ్ములో చేనుకు గల హక్కును అడుగుటకు ముందుకు రండు.